లీట్రిమ్ పాటలూ నా కుళ్ళూ

మేం డార్విన్‌లో దిగింది తొంభై తొమ్మిది జూలైలో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పు చెబుతాయని లోకమంతా భయపడుతున్న రోజులు. పాత కోబాల్ ప్రోగ్రాములు చదవగలిగిన వాళ్ళకు ఎక్కడ లేని గిరాకీ వచ్చింది. అమీర్‌పేటలో ఆరు నెలలు నేర్చుకున్న ఆ చదువే నన్ను ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఒక ప్రభుత్వ కార్యాలయంలో కూర్చోబెట్టింది. ఉద్యోగం నాది, వీసా నాది. నా వీసా మీద నా వెంట వచ్చిన మనిషి మా ఆయన.

ఆయన కనిగిరి దగ్గర ఒక మిషన్ స్కూల్లో గుమాస్తాగా చేసేవారు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తూ పాడేవారు. ఆ పాట వినే నేను పెళ్ళికి ఒప్పుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప మీద కూర్చుని నా ఒక్కదాని కోసం పాడేవారు. విమానం ఎక్కే ముందు సామాను బరువు ఎక్కువైతే, నా ప్రెషర్ కుక్కరూ రెండు పట్టుచీరలూ తీసి మా అన్నయ్య చేతిలో పెట్టి హార్మోనియం ఉంచారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. నవ్వాను కూడా.

డార్విన్‌లో ఆయనకు ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది. మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికి వచ్చేసేవారు. నేను వచ్చేసరికి ఆరున్నర అయ్యేది. ఇంటి పక్క చర్చికి ఆదివారం పొద్దున ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఆగస్టులో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక టీ తాగుతుంటే, డెబ్బై దాటిన ఒక ఐరిష్ ఆవిడ మా దగ్గరికి వచ్చారు. తెల్లటి పొట్టి జుట్టు, చేతిలో తాటాకు విసనకర్ర. నలభై ఏళ్ళ కిందట ఐర్లండ్‌లోని లీట్రిమ్ అనే కౌంటీ నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇక్కడే భర్తను పోగొట్టుకున్న మనిషి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మేం ఆవిడను ఆంటీ అనడం మొదలుపెట్టాం. ఆవిడ మా ఆయనను 'సన్' అనేవారు, అబ్బాయీ అన్నట్టు.

"కీర్తన పాడేటప్పుడు వెనక వరస నుంచి వినిపించింది నీ గొంతేనా?" అని అడిగారు. అవునన్నారు ఆయన. "నేనొక ముక్క పాడితే పట్టుకోగలవా?"

"ఒకసారి వింటే చాలు ఆంటీ."

టీ కప్పు పక్కన పెట్టి ఆవిడ సన్నగా పాడారు. ఆయన వెంటనే తిరిగి పాడారు, మాటలు లేకుండా, రాగం మాత్రం. ఆవిడ విసనకర్ర ఆపేశారు. ఆ చూపు నాకు గుర్తుంది. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న తాళంచెవి ఎదురింటివాళ్ళ బల్ల మీద కనపడితే ఎట్లా చూస్తామో అట్లా చూశారు.

విషయమేమిటంటే, లీట్రిమ్ మీద పాటలన్నీ వాళ్ళమ్మ ఒక పుస్తకంలో రాసి ఇచ్చారట. డార్విన్‌ను తుడిచిపెట్టిన పెద్ద తుఫానులో ఇంటి పైకప్పుతోపాటు ఆ పుస్తకమూ పోయింది. పాటలు ఆవిడ తలలో మాత్రమే మిగిలాయి. ఇప్పుడు అవీ ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఆవిడకు సంగీతం రాయడం రాదు. మా ఆయనకు వచ్చు, అయితే స-రి-గ-మల్లో.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన హార్మోనియం ఎత్తుకుని ఆంటీ ఇంటికి వెళ్ళడం మొదలైంది. పొడుగాటి నోటుపుస్తకం కొన్నారు. అందులో ఇంగ్లిషు మాటలు తెలుగు లిపిలో, వాటి నెత్తిన స్వరాలు. ఐర్లండ్‌లో ఒక మారుమూల కౌంటీ పాటలు మా వంటింటి బల్ల మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో పడి ఉండేవి.

"ఇవ్వాళ కొత్తది చెప్పింది ఆంటీ," అనేవారు చెప్పులు విడుస్తూనే. "ఒకాయన ఆవును తోలుకొని సంతకి పోతా ఉంటాడు. దార్లో వచ్చే ప్రతి ఊరి పేరూ పాటలో వస్తది. పాట అయ్యేటప్పటికి నీకు మ్యాప్ అక్కర్లేదు."

ఇంకో వారం, "ఇది ఫుట్‌బాల్ పాటంట. వాళ్ళ కౌంటీ ఎప్పుడో ఒక్కసారి గెలిచిందంట, దాని మీద కట్టారు. డాన్స్ హాళ్ళలో బ్యాండ్ వాళ్ళు పాడేవాళ్ళంట. రాగం మాత్రం పాతదే, ఎవరో చచ్చిపోతే పాడేది. స్పీడు పెంచారు, అంతే."

అట్లా నెలలోపే లీట్రిమ్ మా ఇంట్లో కాపురం పెట్టింది. అక్కడి కొండ పేరు, కొండ కింద చెరువు పేరు, న్యూయార్కు వెళ్ళినవాళ్ళు బెంగపెట్టుకునే కూడలి పేరు ఆయనకు నోటికి వచ్చేశాయి. గిన్నెలు తోముతూ అవే కూనిరాగం. మా అమ్మమ్మ ఊరి వాగు పేరేమిటని ఒకరోజు కావాలనే అడిగాను. ఆయన చేతిలోని స్పాంజి ఆగింది.

"దానికి పేరుందా?"

ఉంది. చెప్పలేదు. పడగ్గదిలోకి వెళ్ళి ఆరిన బట్టలు మడతపెట్టాను.

అప్పటికి అది కుళ్ళని ఒప్పుకోలేదు. అలసట అనుకున్నాను. డార్విన్‌లో వానలకు ముందు రెండు మూడు నెలలు గాలి కదలదు, మనుషులందరూ ఊరికే చిరాకు పడతారు. దాని మీదకు తోసేశాను. ఆఫీసులో నాతోపాటు పనిచేసే హైదరాబాద్ పాతబస్తీ ఆయన ఒకరుండేవారు. ఆయన భార్యది ఆసుపత్రిలో ఉద్యోగం. ఒకరోజు లంచ్‌లో, "మేడమ్, మీ సార్ మస్తు పాడుతడంట గదా. హాస్పిటల్‌ల ఐరిష్ నర్సులు అందరు ఆయన గురించే మాట్లాడుతున్నరని మా వైఫ్ చెప్పింది. మీరు లక్కీ," అన్నారు.

నేను నవ్వి టిఫిన్ డబ్బా మూత పెట్టేశాను. నా అన్నం సగం అట్లాగే ఉంది.

ఆ వారమే ఫోన్ కార్డు గీకి కనిగిరిలో మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. కుశలాలయ్యాక అడిగాను. "పెద్దమ్మా, మన కనిగిరి మీద ఏమన్నా పాటలుండాయా? చిన్నప్పుడు నువ్వు పాడేదానివి గదా."

"కనిగిరి మీదా? కంది కోతలప్పుడు పాడేవాళ్ళం. అయ్యన్నీ బావల మీదే, ఊరి మీద ఎవురు పాడతారే?"

"ఒక్కటి కూడా లేదా?"

"నీళ్ళు తాగితే పళ్ళు గారబట్టే ఊరి మీద పాటేందే. నీకేమన్నా వొంట్లో బాగలేదా?"

ఫోన్ పెట్టేశాను. లీట్రిమ్‌లో వాన తప్ప ఏమీ లేదని, భూమి పనికిరాక జనం వలసపోయారని ఆయనే చెప్పారు. మా వైపూ అంతే గదా, నీళ్ళు లేక పోయారు. బెంగుళూరు, హైదరాబాదు, హోటళ్ళలో పనికి, ఇళ్ళు కట్టే పనికి. మరి మా మీద ఒక్క పాటైనా ఎందుకు లేదు? వాళ్ళ బురదకు ఉన్న మర్యాద మా ఎర్రమట్టికి ఎందుకు లేదు? ఎవరి మీదో తెలియకుండా కోపం వచ్చింది.

నవంబరులో ఆంటీ నన్ను కూడా రమ్మన్నారు. స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు. గాజు పలకల కిటికీలు, పైన ఫ్యాను, పెరట్లో మామిడిచెట్టు. గదిలో ఉన్న ఒక్క మెత్తటి కుర్చీ మా ఆయనకిచ్చారు. నన్ను కిటికీ దగ్గర చెక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

"మీరు పాడతారా?" అని అడిగారు.

"లేదు."

"అయితే వినేవాళ్ళు ఒకరు దొరికారు," అని కళ్ళు మూసుకుని పాడారు.

ఆ పాట బాగుండకూడదని నేను మనసులో ఎంత కోరుకున్నానో. బాగుంది. చెరువు మీద వాన పడటం గురించి, అంతే. గొంతు వణుకుతున్నా రాగం తప్పలేదు. మధ్యలో మాట మర్చిపోతే మా ఆయన పెదవులతో అందించారు, ఆవిడ కళ్ళు తెరవకుండానే అందుకున్నారు. నాతో ఆయన ఎప్పుడూ అట్లా మాట పంచుకోలేదనిపించింది.

పాట అయ్యాక ఎక్కడో గుచ్చాలనిపించి అడిగాను. "వచ్చేసి నలభై ఏళ్ళయింది గదా, ఎన్నిసార్లు వెళ్ళారు?"

"రెండుసార్లు."

"ఎవరూ ఉండలేని చోటి మీద ఇన్ని పాటలెందుకు?"

మా ఆయన నా వైపు చూశారు. ఆంటీ మాత్రం నొచ్చుకోలేదు. "ఉండగలిగితే పాడుకుంటూ ఎవరు కూర్చుంటారమ్మా, పనికి పోయేవాళ్ళం. అయినా మావి ఎక్కువేమీ కావు. పక్క కౌంటీ వాళ్ళకైతే ఇంకా ఉన్నాయి. మా కొండను కూడా వాళ్ళ పాటలో కలిపేసుకున్నారు," అన్నారు. ఆ చివరి మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో నిజంగానే కోపముంది.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. మేం పగలంతా తెరల ముందు కూర్చుని, ఏమీ జరగలేదని రిపోర్టు రాసి ఇచ్చాం. పాత ఫైళ్ళు సర్దడానికి నా కాంట్రాక్టు సెప్టెంబరు దాకా పొడిగించారు. జనవరిలో పాత కారొకటి కొన్నాం. ఫిబ్రవరిలో ఒక శనివారం లిచ్‌ఫీల్డ్ జలపాతాలు చూడాలని అనుకున్నాం. డార్విన్‌కు వచ్చాక మా ఇద్దరికే అని అనుకున్న మొదటి రోజు అది. పులిహోర కలపాలని చింతపండు కూడా తెచ్చిపెట్టుకున్నాను.

ముందురోజు శుక్రవారం నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. ఆయన కూరగాయలకు వెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చిన ఫోన్లను రికార్డు చేసే మెషీన్ మీద ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. బటన్ నొక్కితే ఆంటీ గొంతు. "సన్, ఈసారి ఆదివారం కాదు, రేపు పొద్దునే వస్తావా. పెద్ద పాట ఇంకా రాయలేదు మనం. రేపైతే బాగుంటుంది."

పెద్ద పాట సంగతి నాకు తెలుసు. వాళ్ళ ఊరి బడిపంతులు కట్టింది, వాళ్ళ ఇంట్లో తప్ప ఎవరూ పాడనిది. ఐదు చరణాలు, కౌంటీని ఒక కొస నుంచి రెండో కొసకు నడిచినట్టు ఉంటుందట. ఆవిడ దాన్ని చివరికి దాచుకున్నారని ఆయన చాలాసార్లు చెప్పారు.

రేపైతే బాగుంటుంది. ఎవరికి బాగుంటుంది? నాకున్నది ఒక్క శనివారం. వారం అటూ ఇటూ అయితే లీట్రిమ్ ఎక్కడికీ పోదు. అట్లా అనుకుని చెరిపేసే బటన్ నొక్కాను. దీపం ఆరిపోయింది. ఆయన సంచితో లోపలికి వచ్చినప్పుడు నేను చింతపండు నానబెడుతున్నాను. "ఎవరన్నా ఫోన్ చేశారా?" అని అడిగారు. లేదన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

శనివారం బాగా గడిచింది. అది దాచను. వానాకాలపు నీళ్ళు హోరున దూకుతున్నాయి. దారంతా ఆయన తెలుగు పాటలే పాడారు, పెళ్ళయిన కొత్తలో పాడినవి. గెలిచాననుకున్నాను.

ఆదివారం సాయంత్రం ఆయన హార్మోనియంతో వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చారు. ఇల్లు తాళం వేసి ఉందట. పక్కింటివాళ్ళు చెప్పారట, పొద్దున్నే ఆంటీని గుండె ఆపరేషన్‌కని విమానంలో అడిలైడ్ తీసుకెళ్ళారని.

"ఒక్క మాటన్నా చెప్పకుండా పోయింది చూడు," అన్నారు ఆయన. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఆవిడ తిరిగి వచ్చేసరికి మార్చి అయిపోయింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, ఆ తర్వాత చిన్న పక్షవాతం వచ్చిందట. నడక ఉంది, నవ్వు ఉంది, మాటలు మాత్రం తడబడుతున్నాయి. విసనకర్రను ఏమంటారో గుర్తురాక చేత్తో విసిరి చూపించారు. మేం పండ్లూ హార్మోనియమూ తీసుకుని చూడటానికి వెళ్ళాం. ఆవిడ మా ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్కో మాటా ఏరుకుంటూ అన్నారు. "ఫోన్ చేశాను, సన్. వెళ్ళే ముందు. నువ్వు రాలేదు."

"మెషీన్ పాడయ్యుంటది ఆంటీ. నాకు రాలేదు," అన్నారు ఆయన.

ఆ రోజు ఆవిడ పెద్ద పాట మొదలుపెట్టారు. మొదటి చరణం వచ్చింది. రెండోది సగం వచ్చింది. ఆపైన రాలేదు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. ఆయన హార్మోనియం మీద ఒకే స్వరం నొక్కిపట్టి ఎదురుచూశారు.

ఇంటికి వచ్చాక ఆయన నేరుగా ఫోన్ దగ్గరికి వెళ్ళి మెషీన్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగానే ఉండాదే," అన్నారు.

"బాగానే ఉంది," అన్నాను. "మెసేజ్ వచ్చింది. నేనే చెరిపేశా."

ఆయన మెషీన్‌ను మెల్లగా కింద పెట్టారు. "ఎందుకు?"

"కుళ్ళుతో."

"ఎవరి మీద? ఆమె మీదా? డెబ్బై రెండేళ్ళ మనిషి మీదా?"

"ఆమె మీద, ఆ పాటల మీద, ఆ లీట్రిమ్ మీద. మీ మీద కూడా. ఆపరేషన్ సంగతి నాకు తెలియదండీ. ఆమె చెప్పలేదు."

"తెలిస్తే చెప్పేదానివా?"

చెప్పేదాన్నే అనబోయాను. నిజమో కాదో నాకే తెలియలేదు.

ఆయన అరవలేదు. లాండ్రీలో అలవాటైన పని, ఇస్త్రీ బల్ల తీసి నా ఆఫీసు చొక్కాలు ఒక్కొక్కటే ఇస్త్రీ చేశారు. అన్నీ అయ్యాక అన్నారు. "నాకు చెప్పి ఏం లాభం? పోయి ఆమెకి చెప్పు." ఆ తర్వాత ఎనిమిది రోజులు ఇంట్లో ఏ పాటా లేదు. లీట్రిమ్‌దీ లేదు, కనిగిరిదీ లేదు.

ఆ శనివారం ఒక్కదాన్నే ఆంటీ ఇంటికి వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని ఉన్నారు. కూర్చోకుండానే చెప్పేశాను. మెసేజ్ వచ్చిందని, నేను చెరిపేశానని, మా ఆయన తప్పేమీ లేదని. ఎందుకని ఆవిడా అడిగారు. కుళ్ళుకున్నానని చెప్పాను. ఇంగ్లిషులో ఆ మాట ఎంత చిన్నగా ఉందో అప్పుడే తెలిసింది.

ఆవిడ మామిడిచెట్టు వైపు తిరిగారు. తర్వాత మెల్లగా, ఆగి ఆగి చెప్పారు. ఆ పెద్ద పాట ఇంట్లో పాడే మనిషి ఆవిడ కాదట, అక్కట. అక్క పాడుతుంటే ఇరుగుపొరుగు వచ్చి కూర్చుని ఏడ్చేవాళ్ళట. ఆవిడ తలుపు వెనక నిలబడి, అక్క గొంతు పోతే బాగుండునని ప్రార్థించేవారట. ఆ అక్క ఇరవై మూడేళ్ళకే క్షయతో పోయింది. "ఆ తర్వాతే నేను పాడటం మొదలుపెట్టాను," అన్నారు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అది చూసి వేలు ఎత్తారు. "క్షమించానని చెప్పడం లేదు. ఆ పాటను పోగొట్టే హక్కు నీకు లేదు. నాకు కోపంగా ఉంది."

"తెలుసు ఆంటీ."

"అయితే కూర్చో. లోపల పుస్తకం ఉంది, తీసుకురా. గుర్తొచ్చినప్పుడు చెబుతాను. నువ్వు రాయి."

అట్లా ఆ ఎండాకాలమంతా, డార్విన్‌లో ఎండాకాలమంటే వానల్లేని చల్లటి కాలం, శనివారాలు నేను రాశాను, ఆదివారాలు మా ఆయన స్వరాలు వేశారు. కొన్ని వారాలు ఒక్క మాట కూడా వచ్చేది కాదు. నేను టీ పెట్టి ఇచ్చి వచ్చేసేదాన్ని. ఒకరోజు ఆవిడ వంటింట్లో నేను కూర తరుగుతూ ఉండగా ఆవిడ నోటి నుంచి నాలుగు వరసలు గడగడా దొర్లిపోయాయి. కత్తి పడేసి, ఉల్లిపాయ చేతులతోనే రాశాను. సెప్టెంబరుకు మొదటి చరణం, రెండోది, ఐదోది పూర్తయ్యాయి. మూడూ నాలుగూ రాలేదు. ఇక రావని ఆవిడే చెప్పారు.

నా కాంట్రాక్టు ముగిసి మేం బ్రిస్బేన్ వెళ్ళిపోయాం. మరుసటి ఏడు ఆంటీ పోయారని చర్చివాళ్ళు ఉత్తరం రాశారు. కొన్నాళ్ళకు లీట్రిమ్ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది, ఆవిడ తమ్ముడి కూతురి దగ్గర్నుంచి. అత్తయ్య పాటలు మీ దగ్గర ఉన్నాయని విన్నాం, పంపగలరా అని. ఆయన రెండు నెలలు కూర్చుని తెలుగు లిపిలో ఉన్నదంతా ఇంగ్లిషులోకి మార్చారు. స్వరాలను మాకు తెలిసిన ఒక సంగీతం మాస్టారి చేత వాళ్ళ పద్ధతిలో రాయించారు. మొత్తం ముప్పై ఒక్క పాటలు.

ఆ అమ్మాయి జవాబు రాసింది. మిగతావి ఇక్కడ ఎవరో ఒకరికి వస్తాయి, పెద్ద పాట మాత్రం ఊళ్ళో ఎవరికీ తెలియదు, దానికి మధ్య చరణాలు ఎక్కడైనా దొరుకుతాయా అని. ఆ ఉత్తరానికి జవాబు నేనే రాశాను. ఎందుకు దొరకవో, ఎవరి వల్ల దొరకవో ఉన్నది ఉన్నట్టు రాశాను. మా ఆయన చదివి, ఏమీ దిద్దకుండా కవరులో పెట్టి అంటించారు.

ఐదు నెలలకు ఒక క్యాసెట్ వచ్చింది. నా సంగతి గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మేం అప్పుడే దిగిన కొత్తింట్లో, ఇంకా విప్పని పెట్టెల మధ్య కూర్చుని విన్నాం. ఏదో హాల్లో నలభై యాభై మంది కలిసి పెద్ద పాట పాడుతున్నారు. కుర్చీల చప్పుడు, దగ్గులు, ఒక ముసలాయన గొంతు అందరికంటే అరక్షణం వెనక. రెండు చరణాలయ్యాక అందరూ ఆగారు. మూడూ నాలుగూ ఉండాల్సిన చోట కొన్ని క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఐదో చరణం ఎత్తుకున్నారు, వాళ్ళ కౌంటీ పేరు వచ్చిన చోట గోడలు అదిరేటట్టు పాడారు.

మా ఆయన తల వంచుకుని వింటున్నారు. క్యాసెట్ టక్కున ఆగింది.

"నాకింకా కుళ్ళుగానే ఉందండీ," అన్నాను.

"నాకు కూడా," అని ఆయన క్యాసెట్ వెనక్కి తిప్పారు.